ఒక్క లాప్‌టాప్ కీ అయినా వేసిచ్చే కొట్టు, విశాఖ ద్వారకానగర్‌లో

ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో కింద రాశాను. కొట్టు ద్వారకానగర్‌లో ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి రోడ్డు దాటితే కంప్యూటర్ కొట్లూ, కోచింగ్ సెంటర్లూ, టిఫిన్ బళ్లూ సందు లేకుండా ఉంటాయి కదా, ఆ లైన్లలోనే ఒక పాత బిల్డింగు, రెండో అంతస్తు. కింద జెరాక్సు సెంటరు. పేరు మాత్రం రాయొద్దని యజమానే దణ్ణం పెట్టాడు. "పేరెడితే ఫోన్లు ఆగవండి. ఫోనెత్తితే చేతిలో పని ఆగిపోద్ది" అన్నాడు. సరే, కాదనలేదు. మెట్ల గోడకి "లాప్‌టాప్ కీలు విడిగా వేయబడును" అని స్కెచ్ పెన్నుతో రాసిన అట్టముక్క వేలాడుతుంటుంది. అదే గుర్తు. నేనూ దాన్ని చూసే మెట్లెక్కాను.

నాది ఇంట్లో కూర్చుని చేసే డీటీపీ పని. ఉండేది అక్కయ్యపాలెం. దస్తావేజు లేఖర్లకి క్రయపత్రాలు, దానపత్రాలు, వీలునామాలు టైపు చేసి పెడతాను. ముహూర్తాల రోజులొస్తే శుభలేఖలు. తెలుగు టైపు హయ్యర్ మిషను మీద పాసైనదాన్ని. కంప్యూటర్‌కి వచ్చాక చాన్నాళ్లు ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో కొట్టాను, ఇప్పుడంతా యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్. మన భాషల్లో చాలావాటికి ఒకే వరసలో అక్షరాలు అమర్చిన ప్రభుత్వ లేఅవుట్ అది, 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో ఉంది. అందులో ఇంగ్లీషు డి ఉన్నచోట మనకి పొల్లు ఉంటుంది. వత్తు రావాలంటే మామూలుగా మధ్యలో ఆ పొల్లు కొట్టాలి. క, పొల్లు, ర కొడితే క్ర. కాబట్టి ఇలా తెలుగు కొట్టేవాళ్లకి కీబోర్డులో బాగా అరిగే కీల్లో ఆ డి ఒకటి. నా లాప్‌టాప్‌లో దాని మీద అక్షరం చెరిగిపోయి ఎప్పుడో నున్నగా అయిపోయింది.

ఆ కీకే ఎసరొచ్చింది. మా చెల్లెలి మనవడికి రెండేళ్లు. వాడికి ఏ వస్తువుదైనా ఒక అంచు దొరికితే చాలు, పైకి లాగేస్తాడు. నేను కాఫీ పెట్టుకుని వచ్చేసరికి డి ఒక పక్కకి ఒరిగి ఉంది, స్లాష్ కీ అసలు లేనే లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో స్లాష్ మీద య. వాడు మింగేశాడేమోనని మా చెల్లెలు శోకాలు మొదలెట్టింది, వాణ్ణి డాక్టరుకి చూపించుకుని వచ్చాక గానీ ఇంట్లో ఎవరూ స్థిమితపడలేదు. పిల్లాడు లక్షణంగా ఉన్నాడు. ఆ కీ మాత్రం ఈరోజుకీ దొరకలేదు.

స్లాష్ సంగతి ఎలాగో నెట్టుకొచ్చాను. మూత పోయినా కింద రబ్బరు బుడిపె మిగిలితే దాన్నే వేలితో నొక్కొచ్చు, అక్షరం పడుతుంది. డి అలా కాదు. మూత ఉండీ ఊగిపోతోంది కాబట్టి ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. అసలు పడకపోతేనే నయం, పడలేదని తెలుస్తుంది. ఇదేమో "క్రయపత్రం" కొడితే ఒకచోట "కరయపత్రం", ఇంకోచోట "క్రయపతరం". సత్యనారాయణ గారు సతయనారాయణ అయిపోతారు. శుభలేఖలో అయితే చుట్టాలు నవ్వుకుంటారు. దస్తావేజులో పేరు తప్పు పడి రిజిస్ట్రేషను అయిపోతే మళ్లీ సవరణ దస్తావేజు రాయించుకోవాలి, పార్టీలందరినీ మళ్లీ ఆఫీసుకి తిప్పాలి. ఆ ఖర్చు నా టైపింగు చార్జికి ఎన్ని రెట్లో లెక్క వేయడం కూడా దండగ.

ముందుగా వెళ్లింది కంపెనీ వాళ్ల సర్వీసు సెంటరుకి. ఏ కంపెనీయో చెప్పను. ఏసీ గది, టోకెను, మంచినీళ్లు, మర్యాద, అన్నీ ఉన్నాయి. కీలు విడిగా రావన్నారు. కీబోర్డు కూడా విడిగా రాదట. చేతులు ఆనించుకునే పై ప్యానెల్, అంటే సి-ప్యానెల్, కీబోర్డుతో కలిపి మొత్తంగా మార్చాలి, 9,000 పైచిలుకు. ఊడదీసినది కాబట్టి వారంటీ వర్తించదు. ఇందులో వాళ్లు అబద్ధం చెప్పలేదు, అది నేనూ ఒప్పుకుంటాను. నా పాత లాప్‌టాప్‌కి కీబోర్డు నాలుగు మరలు తీస్తే పైనుంచే లేచి వచ్చేసేది. ఇప్పుడొచ్చే పల్చటి వాటిలో కీబోర్డుని లోపలి వైపునుంచి ప్యానెల్‌కి అతికేస్తున్నారు. పదుల కొద్దీ ప్లాస్టిక్ మేకుల్ని వేడిచేసి కరిగించి అణిచేస్తారు. దాన్ని మార్చాలంటే వెనక మూత, బ్యాటరీ, ఫ్యాను, మదర్‌బోర్డు అన్నీ బయటికి రావాలి, ఆ మేకులు విరగ్గొట్టాలి. కంపెనీకి ప్యానెల్‌తో సహా మార్చడమే తేలిక. నాకు కావలసింది రెండు కీలు.

ద్వారకానగర్‌లోనే కింది అంతస్తులో ఒక పెద్ద కొట్టులో ఇంకో లెక్క చెప్పారు. బయటి కంపెనీ కీబోర్డు 1,800, బిగించడానికి 700. మేకులు విరగ్గొట్టాక దేంతో నిలబెడతారు బాబూ అని అడిగాను. "టేపేస్తాం మేడమ్, కొందరికి వేడి పెట్టి అతికిస్తాం, ఏమీ కాదు" అన్నాడు కుర్రాడు. ఆ "ఏమీ కాదు" విని బయటికి వచ్చేశాను. నేను గట్టిగా కొట్టే మనిషిని, మిషను మీద నేర్చుకున్న చేతులు నావి. టేపు మీద నిలబడ్డ కీబోర్డు నా చేతికింద సంక్రాంతి దాకా కూడా ఆగదు.

ఇక మన కొట్టు. పదడుగుల గది ఉంటుందేమో. గోడ పొడవునా అరల్లో పాత కీబోర్డులు నిలువుగా పేర్చి ఉంటాయి, ఒక్కోదానికి తెల్ల టేపు మీద మోడల్ నంబరు. బల్ల మీద గళ్లు గళ్లుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, ఆ గళ్లలో గోరంత క్లిప్పులు, రబ్బర్లు, మూతలు. యజమాని నలభై ఏళ్ల మనిషి, మదర్‌బోర్డు మీద వంచిన తల ఎత్తడు. కీల పని చేసేది ఆయన అన్నకూతురు. చోడవరం దగ్గర వాళ్ల ఊరు, కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చదువుతూ సాయంత్రాలు ఇక్కడ కూర్చుంటుందట. ఈ సమీక్షలో నేను మెచ్చుకునే మాటల్లో ముప్పాతిక ఆ పిల్లవే.

లాప్‌టాప్ చూడగానే "ఏటైంది పిన్నిగారూ, పిల్లలా?" అంది. అంతకుముందు ఎంతమందిని చూసిందో మరి. ఎవరి చేతిలోంచీ లాక్కోదు, తొందరపడి పీకదు. ముందు నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీనీ వరసగా నొక్కుతూ వెళ్లింది, ఊడిన రెండింటినే కాదు. ఎందుకమ్మా అంటే, ఒకే వరసలో మూడు నాలుగు కీలు పలక్కపోతే లోపలి పొర పోయినట్టు, అప్పుడు మూతలు బిగించి డబ్బులు తీసుకుంటే మోసం చేసినట్టే అంది. వాళ్ల చిన్నాన్న నేర్పిన పద్ధతట. నావి అన్నీ పలికాయి.

అక్కడ కుర్చీ లాక్కుని కూర్చుని చూసినదే నాకు ఈ కొట్టు మీద నమ్మకం కలిగించింది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. పల్చటి ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకుని డి మూత కింద ఒక మూల దూర్చి, మెల్లగా తిప్పింది. టిక్కుమని ఒక పక్క లేచింది. రెండో పక్కని లేపకుండా వెనక్కి జరిపి తీసింది. మూత అడుగున ఒక వైపు రెండు కొక్కేలు, రెండో వైపు రెండు గాళ్లు ఉంటాయి. కొక్కేల వైపు లేపాలి, గాళ్ల వైపు జరపాలి. తెలియక రెండు వైపులా ఒకేసారి లాగితే గాళ్లు చీలిపోతాయి. ఏ వైపు ముందు లేపాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. దాని కోసం ఆ పిల్ల ముందు ఒక స్క్రాప్ కీబోర్డు మీద తీసి చూసుకుని, తర్వాతే నాదాని జోలికి వచ్చింది.

మూత కింద క్లిప్పు. రెండు చిన్న చట్రాలు, ఒకదానిలో ఒకటి దూరి మధ్యలో అటూ ఇటూ పిన్నులతో కలిసి ఉంటాయి. మడత కుర్చీ కాళ్లలాగా లేస్తాయి, అణుగుతాయి. కీ మూలన నొక్కినా మూత ఒరగకుండా తిన్నగా దిగేది ఈ ఏర్పాటు వల్లే. మధ్యలో రబ్బరు బుడిపె. మూతని మళ్లీ పైకి ఎగరేసేది అదే, కింది పొరని నొక్కేదీ అదే. ఆ పొర నిజానికి మూడు ప్లాస్టిక్ కాగితాలు. పైదాని మీదా కిందిదాని మీదా కరెంటు పారే గీతలు, మధ్యదానికి చిల్లులు. నొక్కినప్పుడు పైగీత చిల్లులోంచి కింది గీతని తాకుతుంది, అక్షరం పడుతుంది. ఇదంతా భూతద్దం కింద నాకు చూపిస్తూ చెప్పింది. నా క్లిప్పులో లోపలి చట్రానికి ఒక పిన్ను విరిగింది. ఆవగింజలో సగం ఉంటుందేమో. దానికోసం 9,000 అడిగారు.

అసలు భయం అది కాదట. పొరల కింద రేకు ఉంటుంది. ఆ రేకులోంచే చిన్న చిన్న కొక్కేలు పైకి లేపి ఉంటాయి, క్లిప్పు వాటిలోనే దూరి నిలబడుతుంది. మా వాడు లాగిన లాగుడికి ఒక కొక్కెం వంగింది. "ఇది ఇరిగిపోతే ఇంక ఏ క్లిప్పూ నిలబడదు పిన్నిగారూ, కీబోర్డు మార్చాలిసిందే. సరి చేసినప్పుడు ఇరిగినా ఇరగొచ్చు. సెయ్యమంటారా?" అని ముందే అడిగింది. ఇలా పని మొదలెట్టకముందే అడిగే రిపేరు మనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి. సరేనన్నాను. ఊపిరి బిగబట్టి ట్వీజరుతో ఒక్క నొక్కు నొక్కింది, అది నిలబడింది. వాళ్ల చిన్నాన్న అప్పుడు మాత్రం తల ఎత్తి చూసి, మళ్లీ దించేశాడు.

క్లిప్పు వెతకడానికే ఎక్కువసేపు పట్టింది. నాకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ తెలిసింది. ఒకే మోడల్ లాప్‌టాప్‌కి కీబోర్డులు ఇద్దరు ముగ్గురు తయారీదార్లు ఇస్తుంటారు. పైకి అన్నీ ఒకేలా కనపడతాయి, క్లిప్పు వంపులూ కొక్కేల దూరాలూ వేరుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో మోడల్ నంబరు చూసి కీ తెప్పించుకున్నవాళ్లకి సగంమందికి అది కూర్చోదని ఆ పిల్ల అంది. లెక్క ఆమెది, నేను కట్టింది కాదు. తెప్పించుకోదలచినవాళ్లు మోడల్ నంబరు కాకుండా కీ తీసేశాక కనపడే క్లిప్పూ కొక్కేలూ ఫోటో తీసి, అమ్మేవాడి ఫోటోతో పోల్చి చూసుకోవాలట. ఇక్కడైతే గళ్ల డబ్బాల్లోంచి ఒక్కొక్కటీ పెట్టి చూసి, కుదరకపోతే తీసి పక్కన పెట్టి, ఆఖరికి అదే కంపెనీ వేరే మోడల్ స్క్రాప్‌లోంచి తీసినది పట్టింది. స్లాష్‌కి క్లిప్పూ మూతా రెండూ ఆ స్క్రాప్‌లోంచే. మూత మీద గీత నా మిగతా అక్షరాలకంటే కాస్త లావుగా ఉంది. పట్టి పట్టి చూసేవాళ్లకి తెలుస్తుంది, చూడకుండా కొట్టే నాకు పట్టింపు లేదు. నాది లైటు వెలిగే కీబోర్డు కాదు. ఆ రకం ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి, మామూలు మూత వేస్తే ఆ ఒక్క కీ చీకటిగా ఉండిపోతుంది.

బిగించేముందు దూది పుల్లని ఐపీఏలో, అదే ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి రెండు కీల కిందా తుడిచింది. అది తడి మిగల్చకుండా ఆరిపోతుంది కాబట్టి వాడతారు. ఆ పుల్లకి అంటుకొచ్చిన మురికి గురించి ఇక్కడ రాయను, నాకూ పరువుంది.

తర్వాత నన్నే కొట్టి చూడమంది. నేను "స్వాతంత్ర్యం" కొట్టాను. అందులో పొల్లు మూడుసార్లు వస్తుంది, య ఒకసారి, రెండు కీలకీ ఒకే మాటతో పరీక్ష. అచ్చంగా పడింది. పిల్ల తెర వంక చూసి "అదేటి, డి కొడితే వత్తొచ్చింది?" అని తెల్లబోయింది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేస్తాది కదా, ఇదంతా ఎందుకు అంది. ఇద్దరం కాసేపు దాని మీద వాదించుకున్నాం. రోజుకి ఇరవై పేజీలు కొట్టి చూడు, తెలుస్తుంది అన్నాను. క, పొల్లు, ష కొట్టించి క్ష రప్పించేసరికి దానికి ముచ్చటేసింది. తన పేరు తనే కొట్టుకుంది, రెండు వత్తులున్న పేరు.

అక్కడ కూర్చున్నంతసేపూ వచ్చేపోయేవాళ్లని చూశాను. రుషికొండ ఐటీ కంపెనీలో పనిచేసే కుర్రాడొకడు పాత మ్యాక్‌బుక్ తెచ్చాడు, ఒక కీ కొడితే రెండుసార్లు పడుతోందని. పిల్ల దాన్ని ముట్టుకోలేదు. యాపిల్ వాళ్లు 2015లో బటర్‌ఫ్లై అని బాగా పల్చటి కీలు తెచ్చారు, సన్నటి దుమ్ము దూరినా ఇరుక్కుపోయేవి. 2018లో వాళ్లే ఉచితంగా బాగుచేసే పథకం పెట్టాల్సి వచ్చింది, 2019 చివర్లో పదహారంగుళాల మోడల్‌తో మళ్లీ పాత కత్తెర పద్ధతికే, అంటే నా కీల కింద ఉన్నలాంటి క్లిప్పుకే వచ్చారు. ఆ కుర్రాడిది మధ్యలో కొన్నది. "దీనికి క్లిప్పు తీస్తే ఇరగడమే ఎక్కువండి, గాలి కొట్టి చూస్తాను, పోకపోతే మాత్రం మా వల్ల కాదు" అని యజమానే చెప్పి పంపాడు. గాలి కొట్టినందుకు డబ్బులు తీసుకోలేదు.

ఇంకొకాయన ఊడిన కీని ఇన్‌స్టంట్ గమ్ముతో అతికించి తెచ్చాడు. ఆ జిగురు క్లిప్పు పిన్నుల్లోకి పాకి అంతా ఒకటే ముద్ద. చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టు మచ్చ. కీ కదలదు, తీద్దామంటే రబ్బరుతో సహా చిరుగుతుంది. దానికి మందు లేదన్నారు. మా మిషను రోజుల్లో అక్షరం అచ్చు ఊడిపోతే మెకానిక్కు వచ్చి సోల్డరింగు పెట్టి అతికి పోయేవాడు. ఇనుముకి చెల్లిన వైద్యం దీనికి చెల్లదు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఒక మాట. యజమాని మాట్లాడింది తక్కువ, ఆ కాస్తా దీని గురించే. లాసన్స్ బే, బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు నుంచి వచ్చే కీబోర్డుల్లో రేకు కొక్కేలు తుప్పు పట్టి ఉంటాయట. ఒకటి తెరిచి చూపించాడు, కొక్కేల మొదళ్లలో ఎర్రటి చారలు. కీ ఊడిందని తెస్తారు, క్లిప్పు బాగానే ఉంటుంది, పట్టుకునే కొక్కెం గోరు తగిలితే రాలిపోతుంది. ఉప్పు గాలికి కిటికీ పక్కనే టేబులు వేసుకుని లాప్‌టాప్ మూత తెరిచి వదిలేస్తే అంతేనండి అన్నాడు. విశాఖలో కిటికీ మూసుకుని పనిచేయమంటే ఎవరు వింటారు గానీ, పని అయ్యాక మూత దించడం మన చేతిలోనే ఉంది. నేను అక్కయ్యపాలెంలో ఉన్నాను కాబట్టి బతికిపోయాను.

పైసల సంగతి. క్లిప్పు మాత్రమే అయితే 150, మూతతో సహా అయితే 200, నావి రెండూ కలిపి 350. ఎంటర్, స్పేస్, షిఫ్ట్ లాంటి పొడుగు కీలకి ఎక్కువ తీసుకుంటారు. వాటి కింద క్లిప్పుతో పాటు ఒక సన్నటి తీగ కూడా ఉంటుంది, అది లేకపోతే ఒక చివర నొక్కితే రెండో చివర లేస్తుంది. ఆ తీగ పోగొట్టుకోకుండా తీసుకెళ్లమని మరీ మరీ చెప్పింది. అలాగే ఊడిన మూత, విరిగిన ముక్క ఏదైనా సరే పారేయకుండా ఒక కవరులో వేసి తీసుకెళ్లండి, క్లిప్పు పోల్చుకోవడానికి అదే ఆధారం. నెలలోపు మళ్లీ ఊడితే ఊరికే వేస్తామన్నారు, నోటి మాటే. నాకు ఆ అవసరం రాలేదు. ఎండాకాలం మొదట్లో వేయించాను, పెళ్లిళ్ల సీజను మొత్తం దాని మీదే కొట్టాను.

ఇప్పుడు ఆ ఒక్క స్టారు. బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు, అడిగితే చీటీ మీద రాసిస్తారు. అది నేను పట్టించుకోను. ఫోను ఎత్తరు, దానికి కారణం ముందే చెప్పాను. మధ్యాహ్నం భోజనానికి షట్టరు సగం దించి వెళ్తారు, ఎప్పుడు తిరిగొస్తారో వాళ్లకే తెలియాలి. మొదటిసారి నేను మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాను, మొదటి అంతస్తు కోచింగ్ సెంటరులోంచి రీజనింగ్ క్లాసు అంతా వినపడింది. ఇవన్నీ కూడా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. వదిలేసి వెళ్లిన లాప్‌టాప్‌ల మీద పాస్‌వర్డు రాసిన చీటీ టేపుతో అంటించి అరలో పెడుతున్నారు. వచ్చినవాళ్లందరికీ కనపడుతుంది. ఒకదాని మీద పేరు, ఫోను నంబరు కూడా ఉన్నాయి. నా దాంట్లో ఊళ్లో వాళ్ల ఆస్తుల సరిహద్దులు, ఆధార్ నంబర్లు ఉంటాయి, నేనైతే ఎలా ఒప్పుకుంటాను. అదే మాట యజమానితో అన్నాను. "ఎవరు చూస్తారండి" అన్నాడు. చూసేవాళ్లు చూస్తారు. కీ వేయడానికి పాస్‌వర్డు అక్కర్లేదు, పరీక్షకి మనమే పక్కన ఉండి తెరిచి ఇవ్వొచ్చు. తప్పక వదిలి వెళ్లాల్సొస్తే వేరే యూజర్ ఖాతా ఒకటి తెరిచి దాని పాస్‌వర్డు ఇవ్వండి. నేను మాత్రం ఎదురుగా కూర్చుని చేయించుకున్నాను, వాళ్లు దానికి ఏమీ విసుక్కోలేదు.

కొట్టుకి వెళ్లేదాకా పని ఆగకూడదనుకునేవాళ్లకి రెండు దారులున్నాయి. విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు వస్తుంది, ఒకటి రెండు ఉత్తరాలకి చాలు. నాలాంటివాళ్లయితే మైక్రోసాఫ్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉంటుంది, అందులో పాడైన కీ పనిని వాడని కీకి అప్పజెప్పొచ్చు. నేను కుడివైపు కంట్రోల్‌కి డి పని ఇచ్చాను. వత్తులన్నీ కుడి చేతి చిటికెన వేలి మీద పడ్డాయి. వారం వర్జ్యం చూడకుండా కొట్టొచ్చేసరికి ఆ వేలు వాచినంత పనైంది.

మా వీధిలో ట్యూషన్లు చెప్పే మాస్టారిని కూడా ఈమధ్య అక్కడికి పంపాను. ఆయన కీబోర్డు మీద టీ ఒలికింది. నాలుగు కీలు బంక బంకగా ఉన్నాయి, రెండు పలకడం లేదు. తీసి చూసి, లోపలి పొర గీతలు నల్లబడ్డాయి, కీలు కడిగి పెట్టినా నెలకి మళ్లీ వస్తారు, కీబోర్డే మార్పించుకోండి అని పంపేశారట. తమ దగ్గర ఆ కీబోర్డు లేదని కూడా చెప్పారు. మాస్టారు నా మీద కొంచెం గుర్రుగా ఉన్నారు, అంత దూరం పంపావు, చివరికి లేదన్నారు అని. ఆయనకి కింది కొట్టులో 2,500 అయింది. టేపేశారో లేదో నేను అడగలేదు.

వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చేది అప్పుడే. పొద్దున వెళ్తే కీలు యజమానే వేస్తాడు, బాగానే వేస్తాడు గానీ మదర్‌బోర్డుల పని మధ్యలో ఆపి చేయాలి కాబట్టి ఆలస్యం అవుతుంది. ఆదివారం తీయరు. చార్జరు తీసుకెళ్లండి. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో కుర్రాళ్లెవరినైనా పంపడం మేలు. బండి అయితే కింద పెట్టడానికి చోటు దొరకదు, నేను ఎప్పుడూ బస్సులోనే వెళ్తాను.